ఫుట్‌బాల్ నీడలో ఈత కోచ్: అమెరికా కాలేజీల్లో ఈ ఉద్యోగం ఎలా నడుస్తుంది?

మన డిగ్రీ కాలేజీల్లో ఆటలన్నీ పీడీ గారి చేతిలోనే ఉంటాయి. కబడ్డీ కోర్టుకు సున్నం గీయించేదీ ఆయనే, యూనివర్సిటీ పోటీలకు పిల్లల్ని రైలెక్కించి తీసుకెళ్లేదీ ఆయనే. ఈత పోటీ ఉందని సర్క్యులర్ వస్తే, బయట ఎక్కడో సొంత ఖర్చుతో నేర్చుకున్న ఇద్దరు ముగ్గురిని వెతికి పట్టుకుని పేర్లు పంపిస్తారు. అలాంటి చోట పెరిగినవాళ్లకు అమెరికా యూనివర్సిటీలో ఒక్క ఈత జట్టుకే హెడ్ కోచ్, ఆయన కింద ముగ్గురు నలుగురు అసిస్టెంట్లు, డైవింగ్‌కు విడిగా మరో కోచ్ ఉంటారని వింటే అదో పెద్ద వైభోగంలా తోస్తుంది. పారిస్ ఒలింపిక్స్‌లో నాలుగు వ్యక్తిగత స్వర్ణాలు గెలిచిన ఫ్రాన్స్ కుర్రాడు లియోన్ మార్షాన్ తయారైంది కూడా అరిజోనా స్టేట్ యూనివర్సిటీ కొలనులోనే.

ఇంతమంది ఒలింపియన్లను తయారుచేసే ఈ ఉద్యోగానికి భద్రత మాత్రం చాలా తక్కువ. కోచ్ ఎంత బాగా పనిచేశాడన్నది ఒక లెక్క. ఆయన జట్టు వచ్చే ఏడాది ఉంటుందా లేదా అన్నది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క తేలేది కొలను దగ్గర కాదు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ (మనకు తెలిసిన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) ఖాతాలో. ఇది అర్థం కాకపోతే ఈ వృత్తిలో జరిగే చాలా విషయాలు వింతగానే కనిపిస్తాయి.

ముందు పోటీల సంగతి. కాలేజీ క్రీడల్లో ఎక్కువ భాగాన్ని నడిపేది ఎన్‌సీఏఏ అనే జాతీయ సంఘం. అందులో మూడు డివిజన్లు ఉన్నాయి. మొదటి డివిజన్‌లో పెద్ద యూనివర్సిటీలు, పెద్ద బడ్జెట్లు. మూడో డివిజన్‌లో ఆటల కోసం స్కాలర్‌షిప్ ఇవ్వడానికే వీల్లేదు. ఈత సీజన్ సెప్టెంబరులో మొదలై మార్చిలో జాతీయ ఛాంపియన్‌షిప్‌తో ముగుస్తుంది. పోటీలు ఒలింపిక్స్‌లోలా 50 మీటర్ల కొలనులో జరగవు, 25 గజాల కొలనులో జరుగుతాయి. 25 గజాలంటే 22.86 మీటర్లు. గోడను తన్నాక నీటి అడుగున, రెండు కాళ్లూ కలిపి కొట్టే డాల్ఫిన్ కిక్‌తో 15 మీటర్ల దాకా పోవచ్చని నిబంధన చెబుతోంది. అంటే ఒక్కో ల్యాప్‌లో దాదాపు మూడింట రెండు వంతుల దూరం నీటి అడుగునే గడపవచ్చు. చేతులు తిప్పే తీరు ఎంత అందంగా ఉన్నా, గోడ దగ్గర మందకొడిగా ఉండేవాడు ఈ పోటీల్లో నెగ్గలేడు. అందుకే కాలేజీ కోచ్‌లు టర్న్‌ల మీద, ఊపిరి బిగబట్టి చేసే కిక్ మీద అంత పట్టుబడతారు.

రోజువారీ పని చూద్దాం. తెల్లవారుజామున ఒక సాధన, తరగతులయ్యాక మధ్యాహ్నం ఇంకొకటి, మధ్యలో బరువులు. సీజన్‌లో ఒక విద్యార్థితో వారానికి 20 గంటలకు మించి సాధన చేయించకూడదు, వారంలో ఒక రోజు సెలవివ్వాలి. ఈ పరిమితి విద్యార్థికే, కోచ్‌కు లేదు. గట్టు మీద ఒక పెద్ద గడియారం ఉంటుంది. దాని సెకన్ల ముల్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పేస్ క్లాక్ అంటారు. ‘వంద గజాలు ఇరవై సార్లు, ఒక నిమిషం పది సెకన్లకోసారి బయల్దేరాలి’ అని కోచ్ చెప్తాడు. నిమిషం రెండు సెకన్లలో పూర్తిచేసినవాడికి ఎనిమిది సెకన్ల విశ్రాంతి దక్కుతుంది, నిమిషం ఎనిమిది సెకన్లు పట్టినవాడికి రెండే. పద్నాలుగో వందకు వచ్చేసరికి కోచ్ చూపు గడియారం మీద ఉండదు. ఎవరి మోచేయి కిందికి జారుతోంది, గోడ దగ్గరికి రాకముందే ఎవరు అదనంగా ఊపిరి తీసుకుంటున్నారు, ల్యాప్‌కు పన్నెండు స్ట్రోకులు వేసేవాడు పద్నాలుగు ఎందుకు వేస్తున్నాడు అన్నవి చూస్తాడు. సీజన్ చివరి రెండు మూడు వారాలు ఈ భారాన్ని క్రమంగా తగ్గిస్తాడు. దాన్ని టేపర్ అంటారు. తొందరగా తగ్గిస్తే పోటీ నాటికి సత్తువ సడలిపోతుంది, ఆలస్యంగా తగ్గిస్తే అలసట తీరదు. పొట్టి దూరాల వాడికి ఒక లెక్క, మైలు ఈదేవాడికి మరో లెక్క. ఏడాదంతా చేసిన పనికి ఫలితం తేలేది ఆ మూడు నాలుగు రోజుల పోటీలోనే కాబట్టి, టేపర్ గురి తప్పిన కోచ్‌కు ఆ ఏడు మళ్లీ రాదు.

ఆ పేస్ క్లాక్‌ను వాడుకలోకి తెచ్చిన ఘనత జేమ్స్ కౌన్సిల్మన్‌దని చెప్తారు. అందరూ ఆయన్ను ‘డాక్’ అనేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం నడిపాడు. తర్వాత అయోవా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, 1957 నుంచి 1990 దాకా ఇండియానా యూనివర్సిటీ కోచ్‌గా ఉన్నాడు. ఈతగాళ్ల చేతులు నీటిలో ఎలా కదులుతాయో నీటి అడుగున కెమెరా పెట్టి చిత్రీకరించాడు. చెయ్యి నేరుగా వెనక్కి లాగదు, వంపు తిరుగుతుందని చూపించి, విమానం రెక్కను పైకి లేపే సూత్రంతో దాన్ని వివరించబోయాడు. తర్వాతి పరిశోధకులు ఆ వివరణను చాలావరకు సవరించారు. అయినా కోచ్ అనేవాడు ఊహతో కాకుండా కొలిచి చూసి చెప్పాలన్న అలవాటు ఆయనతోనే బలపడింది. ఒలింపిక్ స్వర్ణాల వీరుడు మార్క్ స్పిట్జ్ ఆయన శిష్యుడే. 1968 నుంచి 1973 వరకు ఇండియానా వరుసగా ఆరుసార్లు జాతీయ టైటిల్ గెలిచింది. 1979లో 58 ఏళ్ల వయసులో డాక్ ఇంగ్లిష్ ఛానల్‌ను ఈదాడు. అప్పటికి అంత వయసులో దాన్ని దాటినవాళ్లు లేరు.

ఆయన జీవితంలో ఒక ముక్క మాత్రం నాకు మింగుడుపడదు. 1960లో ఇండియానా ఫుట్‌బాల్ విభాగం ఆటగాళ్లను చేర్చుకోవడంలో నిబంధనలు మీరిందని ఎన్‌సీఏఏ శిక్ష వేసింది. శిక్ష ఫుట్‌బాల్‌కే పరిమితం కాలేదు. నాలుగేళ్ల పాటు ఆ యూనివర్సిటీలోని ఏ క్రీడ జట్టూ జాతీయ పోటీల్లో పాల్గొనకూడదన్నారు. అప్పటికే దేశంలో మేటి ఈతగాళ్లు ఆయన దగ్గర ఉన్నారు. ఏ తప్పూ చేయని వాళ్లు గట్టు మీదే ఉండిపోయారు. ఈత కోచ్ బతుకు ఫుట్‌బాల్‌కు ఎలా ముడిపడి ఉందో చెప్పడానికి ఇంతకన్నా పాత ఉదాహరణ అక్కర్లేదు.

ఇక డైవింగ్. ‘స్విమ్మింగ్ అండ్ డైవింగ్’ అని జట్టుకు ఒకే పేరు ఉన్నా ఇవి రెండు వేర్వేరు విద్యలు. ఈత గడియారంతో పోటీ, డైవింగ్ న్యాయనిర్ణేతల మార్కులతో పోటీ. శరీరపరంగా చూస్తే డైవర్ ఈతగాడి కన్నా జిమ్నాస్టుకే దగ్గర. అందుకే ఈత కోచ్‌లలో డైవింగ్ నేర్పగలిగినవాళ్లు చాలా అరుదు. ఇండియానాలోనే డాక్ పక్కన 1959 నుంచి 1989 దాకా హోబీ బిల్లింగ్స్‌లీ అనే డైవింగ్ కోచ్ పనిచేశాడు. గాలిలో శరీరం ఎందుకు తిరుగుతుంది, ట్విస్ట్ (ఒంటి మెలిక) ఎక్కడ పుడుతుంది అన్నది న్యూటన్ సూత్రాలతో విడమరిచి చెప్పినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటాడు. హైస్కూల్లో కుస్తీ పట్టిన మార్క్ లెంజీ కాలేజీ రోజుల్లో ఆయన దగ్గరే రాటుదేలి, 1992 బార్సిలోనాలో 3 మీటర్ల స్ప్రింగ్‌బోర్డు స్వర్ణం గెలిచాడు.

డైవింగ్ కోచ్ పనిలో సగం నీళ్ల దగ్గర జరగదు. ట్రాంపోలిన్ పైన, సీలింగుకు బిగించిన కప్పీల మీదుగా తాళ్లు దిగి ఉంటాయి. వాటి ఒక కొసకు డైవర్ నడుముకు కట్టిన బెల్టు, రెండో కొస కోచ్ చేతిలో. డైవర్ పైకెగిరి రెండున్నర పల్టీలు కొట్టబోతుంటే కోచ్ తన బరువంతా తాడు మీద వేసి సరిగ్గా ఆ క్షణానికి పట్టి ఆపుతాడు. కొత్త డైవ్‌ను ఇలా వందల సార్లు చేయించాకే నీటి మీదికి తీసుకెళ్తాడు. అక్కడ కూడా మొదట్లో డైవర్‌కు తానెక్కడున్నాడో తెలియదు. పైకప్పు, నీళ్లు, పైకప్పు, నీళ్లు కళ్లముందు గిర్రున తిరుగుతుంటాయి. ‘అవుట్!’ అని కోచ్ గట్టిగా అరుస్తాడు. ఆ అరుపు వినగానే డైవర్ ముడుచుకున్న శరీరాన్ని విప్పాలి. 10 మీటర్ల ప్లాట్‌ఫామ్ నుంచి నీటిని తాకేటప్పటి వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటుతుంది. అరుపు కాస్త అటూ ఇటూ అయితే పిల్ల వీపు మీదో ముఖం మీదో పడుతుంది. ఆ ఒక్క మాటను నమ్మి దూకడానికి పద్దెనిమిదేళ్ల విద్యార్థి ఒప్పుకోవాలంటే కోచ్ ఎంత నమ్మకం సంపాదించుకుని ఉండాలి!

లెక్కల్లో కూడా డైవింగ్‌ది ప్రత్యేక స్థానం. ముందుకు మూడున్నర పల్టీలు, పైక్ భంగిమలో (నడుము దగ్గర వంగి, కాళ్లు చాచి) అయితే దాని సంఖ్య 107బి. 3 మీటర్ల బోర్డు మీద దాని కష్టాంకం 3.1. ఐదుగురు న్యాయనిర్ణేతల మార్కుల్లో అన్నింటికన్నా పైదీ కిందిదీ కొట్టేసి, మిగిలిన మూడింటిని కూడి 3.1తో గుణిస్తారు. ఆ మూడు 7, 7.5, 8 అయితే 69.75 వస్తుంది. జాతీయ పోటీలో ఒక్కో అంశంలో మొదటి 16 మందికి పాయింట్లు ఉంటాయి: మొదటి స్థానానికి 20, రెండో స్థానానికి 17, అలా తగ్గుతూ పదహారో స్థానానికి 1. రిలేలకు రెట్టింపు. ఒక జట్టు గరిష్ఠంగా 18 మందిని దించవచ్చు, అయితే డైవర్‌ను సగం మనిషిగానే లెక్కిస్తారు. మూడు డైవింగ్ అంశాలూ గెలిచే ఒక్క డైవర్ 60 పాయింట్లు తెస్తాడు, కానీ సగం చోటే తీసుకుంటాడు. ఈ గణితం తెలిసిన హెడ్ కోచ్ డైవింగ్ కోచ్‌ను కళ్లకద్దుకుంటాడు. తెలియనివాళ్లు బడ్జెట్ కోత వచ్చినప్పుడు ముందుగా డైవింగ్ మీదే కత్తెర పెడతారు.

ఈ వృత్తిలోకి వచ్చే దారి చాలాకాలం ఉచిత సేవతోనే మొదలయ్యేది. కాలేజీలో ఈది, చదువయ్యాక ఎక్కడో ఒకచోట వాలంటీర్ అసిస్టెంట్‌గా చేరడం. పేరుకే వాలంటీర్, పని మాత్రం పూర్తి స్థాయి. జీతం ఇవ్వకూడదని నిబంధనే ఉండేది. పొద్దున కొలను దగ్గర, సాయంత్రం పిల్లలకు ఈత పాఠాలు చెప్పుకుని అద్దె కట్టడం. ఇంట్లో వెనకాల ఎంతో కొంత ఆసరా ఉన్నవాళ్లే అలా రెండు మూడేళ్లు నెట్టుకురాగలరు. లేనివాళ్లు ఎంత తెలివైనవాళ్లయినా ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. 2023 జులై నుంచి ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో ఈ వాలంటీర్ పదవిని తీసేసింది. ఇన్నేళ్లూ కూలి ఎగ్గొట్టారని కోచ్‌లు కోర్టుకు కూడా వెళ్లారు. నా లెక్కలో ఈ రంగంలో ఇటీవల జరిగిన మార్పుల్లో అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన న్యాయం ఇదే.

ఆ తర్వాత గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, అసిస్టెంట్, అసోసియేట్ హెడ్ కోచ్, చివరికి హెడ్ కోచ్. ఒక్కో మెట్టుకు ఊరు మారాలి, రాష్ట్రం మారాలి. టాడ్ డిసోర్బో నార్త్ కరోలినా స్టేట్‌లో అసోసియేట్‌గా ఉండి 2017లో వర్జీనియాకు హెడ్ కోచ్‌గా వెళ్లాడు. ఆయన మహిళల జట్టు 2021 నుంచి 2025 దాకా వరుసగా ఐదుసార్లు జాతీయ టైటిల్ గెలిచింది. ఈ కథలో మనకు తెలిసిన పేరు ఒకటి తగులుతుంది. రామానుజన్ గణితం మీద జీవితమంతా పనిచేసిన కెన్ ఓనో వర్జీనియాలో ప్రొఫెసర్‌గా ఉన్న రోజుల్లో ఈతగాళ్ల ఒంటికి సెన్సర్లు కట్టి, ఏ కదలికలో వేగం జారిపోతోందో లెక్కగట్టి చెప్పేవాడు. పారిస్‌లో 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ స్వర్ణం గెలిచిన కేట్ డగ్లస్ ఆ లెక్కలను వాడుకోవడమే కాదు, తానూ ఆ పరిశోధనలో పాలుపంచుకుంది.

పైకి చేరినవాళ్ల పరిస్థితి బాగానే ఉంటుంది. ఎడ్డీ రీస్ 1978 నుంచి 2024 దాకా టెక్సస్ పురుషుల జట్టును నడిపి 15 జాతీయ టైటిళ్లు గెలిచాడు. ఆయన తర్వాత వచ్చింది మైఖేల్ ఫెల్ప్స్ గురువు బాబ్ బౌమన్. 2024 మార్చిలో అరిజోనా స్టేట్‌కు మొట్టమొదటి టైటిల్ గెలిపించిన కొద్దిరోజులకే ఆయన టెక్సస్‌కు మారాడు. మరుసటి ఏడాదే టెక్సస్ గెలిచింది. కానీ ఇవి శిఖరాలు. అమెరికా కార్మిక శాఖ గణాంకాల్లో స్కూళ్లు, క్లబ్బులు, కాలేజీలు అన్నీ కలిపి కోచ్‌లు, స్కౌట్ల (ఆటగాళ్లను వెతికిపెట్టేవాళ్ల) మధ్యస్థ వార్షిక జీతం సుమారు 46 వేల డాలర్లు. ఆ ఊళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కొత్తగా చేరిన మన పిల్లల జీతం దీనికి చాలా పైన ఉంటుంది.

కోచ్ సమయంలో పెద్ద వాటా కొలనుకు కాకుండా పిల్లల్ని వెతకడానికి పోతుంది. హైస్కూల్ రెండో ఏడాది ముగిశాక జూన్ 15 నుంచి మొదటి డివిజన్ కోచ్‌లు వాళ్లతో నేరుగా మాట్లాడవచ్చు. ఆ రోజు అర్ధరాత్రి దాటిందంటే ఫోన్లు మోగడం మొదలు. విదేశాల నుంచీ తీసుకుంటారు. గుజరాత్ కుర్రాడు ఆర్యన్ నెహ్రా ఫ్లోరిడా యూనివర్సిటీ తరఫున ఈదాడు. మొన్నమొన్నటి దాకా పురుషుల ఈత జట్టుకు 9.9 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, మహిళలకు 14. ముప్పై మంది ఉన్న జట్టులో ఆ 9.9ని పంచాలి. ఒకరికి సగం, ఒకరికి పావు, ఇంకొకరికి పుస్తకాల ఖర్చు. మిగతావాళ్లు స్కాలర్‌షిప్ లేకుండానే చేరేవారు. వాళ్లను వాక్-ఆన్‌లు అంటారు. మొదటి ఏడాది ఎవరి కంటా పడని అలాంటి పిల్ల నాలుగో ఏడాదికి జాతీయ పోటీలకు అర్హత సాధించిందంటే అది అచ్చంగా కోచ్ పనితనం. అప్పటికే మెరిసినవాళ్లను చేర్చుకుని గెలవడం కన్నా దాన్నే నేను గొప్పదిగా చూస్తాను.

ఇప్పుడు చిక్కు అక్కడే వచ్చింది. 2025 జూన్ 6న ఫెడరల్ జడ్జి క్లాడియా విల్కెన్, తమకు డబ్బు దక్కాలని కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన ‘హౌస్’ కేసులో రాజీ ఒప్పందాన్ని ఆమోదించారు. పాత ఆటగాళ్లకు బకాయిల కింద సుమారు 280 కోట్ల డాలర్లు ఇవ్వాలి. ఇకపై ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. 2025-26కు దాని పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పాత పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండవచ్చన్న పరిమితి వచ్చింది. ఈతకు అది 30. దక్షిణాది పెద్ద యూనివర్సిటీల కూటమి అయిన ఎస్ఈసీ కాన్ఫరెన్స్ పురుషుల జట్లను ఇంకా కుదించి 22 దగ్గర ఆపింది.

ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడం న్యాయమే. స్టేడియం నిండేది వాళ్ల చెమటతో. కానీ ఆ డబ్బులో అత్యధిక భాగం ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు పోతుంది. దాన్ని సర్దడానికి యూనివర్సిటీ చూసేది టికెట్లు అమ్ముడుపోని ఆటల వైపు. 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ యూనివర్సిటీ తన స్విమ్మింగ్, డైవింగ్ జట్లను రద్దు చేస్తూ ఈ కొత్త ఆర్థిక పరిస్థితినే కారణంగా చూపింది. జట్టు మిగిలినచోట కూడా ముందు దెబ్బ తగిలేది వాక్-ఆన్‌లకే. నెమ్మదిగా ఎదిగే పిల్లకు నాలుగేళ్లు ఇచ్చే ఓపిక, 30 మందికి మించి వీల్లేదన్న జట్టులో ఎక్కణ్నుంచి వస్తుంది? పైగా ఇప్పుడు ఆటగాళ్లు స్వేచ్ఛగా కాలేజీ మారవచ్చు కాబట్టి, వేరేచోట తయారైన స్విమ్మర్‌ను తెచ్చుకోవడమే కోచ్‌కు తేలిక.

జట్ల రద్దు కొత్తేమీ కాదు. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీ తన పురుషుల ఈత జట్టును 1994లోనే తీసేసింది. దీనికి చాలామంది, స్త్రీ పురుషులకు సమాన అవకాశాలివ్వాలన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టాన్ని నిందిస్తారు. నేను ఒప్పుకోను. చట్టం ఏ జట్టునూ తీసేయమనలేదు. మగపిల్లలు ఆడే ఒక్క ఫుట్‌బాల్‌కే 85 స్కాలర్‌షిప్‌లు కట్టబెట్టి, ఆ లెక్కను ముట్టుకోకుండా సమానత్వం చూపించాలనుకున్న చోట పురుషుల ఈత బలైంది. అయోవా సంగతి మరీ బాధాకరం. 1930లలో కోచ్ డేవిడ్ ఆర్మ్‌బ్రస్టర్, ఆయన శిష్యుడు జాక్ సీగ్ కలిసి నేటి బటర్‌ఫ్లై ఈతకు రూపం ఇచ్చింది అక్కడే. 2020లో ఆ యూనివర్సిటీ పురుషుల, మహిళల ఈత జట్లు రెండింటినీ రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. మహిళలు అదే టైటిల్ నైన్ కింద కోర్టుకెక్కి తమ జట్టును దక్కించుకున్నారు. పురుషుల జట్టు పోయింది.

డబ్బుకు దూరంగా నడిచిన దారి కూడా ఒకటుంది. ఒహాయోలోని గాంబియర్ అనే చిన్న ఊళ్లో రెండు వేల మంది విద్యార్థులు కూడా లేని కెన్యన్ కాలేజీ ఉంది. మూడో డివిజన్ కాబట్టి ఆట స్కాలర్‌షిప్‌లు లేవు. అక్కడ 1975 నుంచి 2012 దాకా పనిచేసిన జిమ్ స్టీన్ పురుషుల, మహిళల జట్లతో కలిపి 50 జాతీయ టైటిళ్లు గెలిచాడు. పురుషుల జట్టు 1980 నుంచి 2010 వరకు వరుసగా 31 సార్లు గెలిచింది. ఆ వరుస 2011లో పక్క ఊరి డెనిసన్ చేతిలో తెగింది: 500.5కు 499.5. ఒక్క పాయింటు తేడా. ఇలాంటి కాలేజీలో ఈత జట్టు యూనివర్సిటీకి భారం కాదు. ఫీజు కట్టే విద్యార్థులను ఆకర్షించేది అదే కాబట్టి కోచ్‌కు బేరమాడే బలం ఉంటుంది. భద్రత కోరుకునే యువ కోచ్‌లు పెద్ద పేర్ల కన్నా ఇటు చూడటం మంచిదని నాకనిపిస్తుంది.

కోచ్ చేతిలో ఉండే అధికారం గురించి కూడా దాచకుండా చెప్పుకోవాలి. స్కాలర్‌షిప్, జట్టులో చోటు, సిఫారసు ఉత్తరం అన్నీ ఒకే మనిషి చేతిలో ఉన్నప్పుడు మాటల హింస బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఒలింపిక్ జట్టును నడిపిన కోచ్‌ను కూడా ఇలాంటి ఆరోపణలపై విచారణ జరిపి తొలగించిన సందర్భం ఉంది. పతకాలు ఎన్ని ఉన్నా అది సరైన పనే.

అమెరికాలో క్లబ్ ఈతలో పిల్లల్ని దింపి తెల్లారి అయిదింటికే కారు తీసే తెలుగు కుటుంబాలు ఇప్పుడు కొత్తేమీ కాదు. కాలేజీ కోచ్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు కొలను ఎంత పెద్దది, యూనిఫారం ఏ కంపెనీది అన్నవి తర్వాత అడగొచ్చు. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. మీ కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లుంది? మా అమ్మాయి నాలుగేళ్లూ మీరే ఉంటారా? గత మూడేళ్లలో జట్టులోంచి ఎంతమందిని తీసేశారు, ఎందుకు? స్కాలర్‌షిప్ లేకుండా చేరి మీ దగ్గర మెరుగైనవాళ్ల పేర్లు చెప్పండి, వాళ్లతో మాట్లాడవచ్చా? డైవింగ్ కోచ్ పూర్తి సమయం ఉద్యోగా, పార్ట్‌టైమా? ఈ చివరి ప్రశ్న స్విమ్మర్ల తల్లిదండ్రులు కూడా అడగాలి. డైవింగ్ కోచ్‌ను పార్ట్‌టైమ్‌కు దించిన అథ్లెటిక్ విభాగంలో తర్వాతి కోత ఎక్కడ పడుతుందో ముందే కనిపిస్తుంది.